పాడి ఉన్న ఇంట్లోనూ విటమిన్ లోపం ఎందుకు?

క్లుప్తంగా: పల్లె కుటుంబాల్లో విటమిన్ లోపాలకు పాలు, గుడ్లు, చేపలు, మాంసం తక్కువగా తినడం ఒక ముఖ్య కారణమే గాని, ఆ లంకె అన్ని విటమిన్లకూ ఒకేలా ఉండదు. బి12 విషయంలో అది సూటిగా ఉంటుంది, విటమిన్ ఎ విషయంలో కొంతమేరకే, విటమిన్ డి విషయంలో స్వల్పంగా. ఇంట్లో పశువో కోళ్లో ఉన్నంత మాత్రాన లోపం తీరిపోదు. అమ్మకాలు, ఒక ఈతకూ మరో ఈతకూ మధ్య ఎడం, ఇంట్లో వాటాల తేడా, పేగుల ఇన్ఫెక్షన్లు మధ్యలో అడ్డుపడతాయి.

లెక్కలోని వింత

ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా, పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక సూక్ష్మపోషకం (విటమిన్ లేదా ఖనిజం) లోపంతో ఉన్నారని 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా తేల్చింది. తలల లెక్కలో చూస్తే పిల్లలు 37.2 కోట్లు, స్త్రీలు 120 కోట్లు. పిల్లల విషయంలో ఐరన్, జింక్, విటమిన్ ఎ, స్త్రీల విషయంలో ఐరన్, జింక్, ఫోలేట్ మాత్రమే ఈ లెక్కలోకి వచ్చాయి. జంతు ఆహారంతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడిన బి12 ఇందులో లేనేలేదు.

పాలు పితికేదీ, కోళ్లు పెంచేదీ, చెరువుల్లో చేపలు పట్టేదీ పల్లెలే అయినప్పుడు వాటి లోటు అక్కడి పళ్లేల్లోనే కనిపించడం పైకి అర్థంకాని సంగతి. దీన్ని శాకాహారం, మాంసాహారం మధ్య తగవుగా చూస్తే అసలు విషయం చేజారుతుంది. పోషకాహార శాస్త్రంలో జంతు ఆహారం అంటే మాంసం ఒక్కటే కాదు. పాలు, పెరుగు, మజ్జిగ, గుడ్లు, చేపలు అన్నీ అందులోకే వస్తాయి. మాంసం ముట్టని ఇంట్లో రోజూ పాలు తాగే వారికి బి12 సరిపోతూ ఉండవచ్చు, మాంసం తినే ఇంట్లో అది నెలకోసారి మాత్రమే పొయ్యెక్కితే చాలకపోనూ వచ్చు.

బి12: తయారుచేసేది సూక్ష్మజీవులే

బి12ను మొక్కలూ తయారు చేయవు, జంతువులూ తయారు చేయవు. ఆ పని చేయగలిగినవి కొన్ని రకాల సూక్ష్మజీవులు మాత్రమే. నెమరువేసే పశువు పొట్టలోని పెద్ద గదిలో ఉండే బ్యాక్టీరియా, గడ్డి ద్వారా వచ్చిన కోబాల్ట్‌ను వాడుకుని దీన్ని తయారు చేస్తుంది. అది పశువు రక్తంలోకీ, కాలేయంలోకీ, పాలలోకీ చేరుతుంది. నేలలో కోబాల్ట్ లేకపోతే పశువుకే లోపం వస్తుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో కొన్ని ప్రాంతాల్లో నిండా పచ్చిక ఉన్నా గొర్రెలు చిక్కి శల్యమై చనిపోయేవి. దానికి కారణం కోబాల్ట్ లేమి అని 1930ల్లో తేలింది. మట్టి అంటిన కూరగాయలతోనో, స్పిరులినా లాంటి నాచుతోనో బి12 వస్తుందన్న ప్రచారం తరచూ వినిపిస్తుంది. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది బి12ను పోలిన మరో పదార్థం, అది మనిషి ఒంటికి పనికిరాదు. మట్టి మీద ఆధారపడటం మాత్రం రోగాన్ని కొనితెచ్చుకోవడమే.

పెద్దవారికి రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షల వంతును మైక్రోగ్రాము అంటారు కాబట్టి ఇది కంటికి ఆనని పరిమాణం. ఇంత చిన్న అవసరం కూడా తీరకపోవడానికి ఒంటిలోని ఏర్పాటు ఒక కారణం. ఆహారంలోని బి12, జీర్ణాశయంలో ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌తో జతకట్టి చిన్నపేగు చివరి భాగంలో ఒంటిలోకి చేరుతుంది. ఈ దారి ఇరుకైనది. ఒక్క పూటకు సుమారు 1.5 నుంచి 2 మైక్రోగ్రాముల దగ్గర అది నిండిపోతుంది. అంతకుమించి తిన్నదానిలో నూటికి ఒక వంతు మాత్రం వేరే దారిన, దానంతటదే ఇంకుతుంది. వంద గ్రాముల పశువు కార్జంలో అరవై మైక్రోగ్రాములకు పైగా బి12 ఉన్నా, ఒక్క పూటలో ఒంటబట్టేది రెండు మూడు మైక్రోగ్రాములే. ఏడాదిలో కొన్నిసార్లు విందుగా పెద్ద మొత్తంలో తినే అలవాటు కన్నా, రోజూ గ్లాసెడు పాలో చిన్న చేప ముక్కో తినడమే ఎక్కువ ఫలితమివ్వడానికి కారణం ఈ ఇరుకు దారే.

వైద్య చరిత్రలో ఒక ఘట్టం కూడా ఈ లెక్కతోనే అర్థమవుతుంది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేక ప్రాణాంతక రక్తహీనతకు గురైన రోగులకు రోజూ పెద్ద మొత్తంలో కార్జం తినిపిస్తే బతుకుతారని 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీ చూపించారు. వారికి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బి12 అనే పదార్థం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. దాన్ని వేరుచేసింది 1948లో. అసలు దారి మూసుకుపోయినా, కార్జంలో బి12 అంత దండిగా ఉండటం వల్ల ఆ నూటికి ఒక వంతే రోగిని నిలబెట్టింది.

కాలేయంలో బి12 నిల్వలు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. అందుకే తినడం మానేసినా పెద్దవారిలో లోపం బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు. పసిబిడ్డకు ఆ వెసులుబాటు ఉండదు. తల్లికే లోపముంటే బిడ్డ తక్కువ నిల్వతో పుడతాడు, తల్లిపాలలోనూ అది తక్కువే ఉంటుంది. అలాంటి బిడ్డ మొదటి నెలలు మామూలుగానే గడుపుతాడు. మెడ నిలబెడతాడు, పలకరిస్తే నవ్వుతాడు. ఆరో నెల దాటాక ఆ నవ్వు తగ్గిపోతుంది, నిలబెట్టిన మెడ వాలిపోతుంది, ఒళ్లు పాలిపోతుంది, చేతుల్లో వణుకు కనిపిస్తుంది. తల్లిపాలు తప్ప మరేదీ తిననంటూ మొరాయిస్తాడు. ఆకలి మందగించడం కూడా లోపం లక్షణమే గాని, ఇంట్లోవాళ్లకు అది మారాంలా కనిపిస్తుంది.

విటమిన్ ఎ: ఆకుకూరలు ఎంతవరకు?

విటమిన్ ఎ లెక్క వేరు. ఒంటికి నేరుగా పనికొచ్చే రెటినాల్ కార్జం, గుడ్డు పచ్చసొన, పాల కొవ్వు, కొన్ని చేపల్లోనే ఉంటుంది. అయితే ఆకుకూరలు, క్యారెట్, మామిడి వంటి వాటిలోని కెరోటిన్లను ఒళ్లు రెటినాల్‌గా మార్చుకోగలదు. మార్పిడి రేటు ఎంతన్నదే చిక్కు. ఆరు వంతుల కెరోటిన్‌కు ఒక వంతు రెటినాల్ వస్తుందని చాలాకాలం లెక్కగట్టారు. 2001లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దాన్ని పన్నెండు వంతులకు ఒకటిగా సవరించింది. కాగితం మీద ఆకుకూరల విలువ ఒక్కసారిగా సగానికి పడిపోయింది. ఈ సవరణకు ముందే, 1995లో ఇండోనేషియాలో పాలిచ్చే తల్లులకు రోజూ ఆకుకూరలు పెట్టి చూసిన పరిశోధనలో వారి విటమిన్ ఎ స్థితి మెరుగుపడలేదు. అదే కెరోటిన్‌ను వేఫర్‌లో కలిపి ఇచ్చినవారిలో మాత్రం మెరుగుపడింది. ఆకు కణాల లోపల బిగుసుకుని ఉన్న కెరోటిన్ బయటికి రావాలన్నా, పేగు దాటాలన్నా బాగా ఉడకాలి, పక్కన కాస్త నూనో నెయ్యో ఉండాలి. ఆకుకూరలు పనికిరావని దీని అర్థం కాదు. వాటి ఒక్కదాని మీదే భారమంతా వేయకూడదని మాత్రమే అర్థం.

ఈ లోపం తొలి గుర్తు రేచీకటి. తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు, చివరికి చూపు పోవడం. చూపు కన్నా ముందు ప్రాణమే పోయే ప్రమాదముందని ఇండోనేషియాలో సుమత్రా దీవిలోని ఆచే ప్రాంతంలో 450 గ్రామాల్లో అమెరికా కంటి వైద్యుడు ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం చేసి, 1986లో ప్రచురించిన ప్రయోగం చూపింది. విటమిన్ ఎ అందుకున్న గ్రామాల్లో ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల మరణాలు 34 శాతం తక్కువగా నమోదయ్యాయి. మరోవైపు కార్జంలో రెటినాల్ ఎంత ఎక్కువంటే, గర్భిణులు దాన్ని తరచుగా తింటే శిశువుకు హాని జరిగే అవకాశముంది. బి12కు ఇలాంటి గరిష్ఠ పరిమితి పెట్టలేదు.

విటమిన్ డికి ప్రధాన వనరు ఎండే. గుడ్లు, కొవ్వు చేపల వాటా స్వల్పం. రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) మాత్రం పాలతో గట్టిగా ముడిపడింది. పాలు తగ్గిన చోట పెదవి మూలలు పగలడం, నాలుక పూయడం కనిపిస్తాయి.

దొడ్డికీ పళ్లేనికీ మధ్య

ఐదుగురున్న ఇల్లు, ఒక నాటు ఆవు, రోజుకు రెండు లీటర్ల పాలు అనుకుందాం. లీటరు ఆవుపాలలో సుమారు నాలుగు మైక్రోగ్రాముల బి12 ఉంటుంది. తల్లిదండ్రులు, వేర్వేరు వయసుల్లో ఉన్న ముగ్గురు పిల్లలకు కలిపి రోజుకు కావలసింది తొమ్మిదికి కాస్త తక్కువ. అంటే ఆ రెండు లీటర్లూ ఇంట్లోనే తాగితే ఇంటిల్లిపాదికీ దాదాపు సరిపోతుంది. అందులో లీటరున్నర అమ్మితే మిగిలేది రెండు మైక్రోగ్రాములు. అమ్మడం తెలివితక్కువతనం కాదు. లీటరు పాలు అమ్మిన డబ్బుతో ఆ పాలలో ఉన్నదానికి ఎన్నో రెట్లు కేలరీలు ధాన్యం రూపంలో కొనవచ్చు. కడుపు నింపడమే ముందున్న ఇల్లు సరైన లెక్కే వేసుకుంటోంది. ఆ లెక్కలో విటమిన్‌కు ధర లేదు, అంతే.

కాలం మరో అడ్డు. మేత చాలని చోట నాటు ఆవు ఒక ఈత తర్వాత మరో ఈతకు ఏడాదికి పైగా తీసుకుంటుంది. మధ్యలో నెలల తరబడి వట్టిపోతుంది. సర్వే జరిగిన నెలలో ‘పాడి ఉంది’ అని రాసుకున్న ఇంట్లో పాల చుక్క లేకపోవచ్చు.

ఏది అమ్మి ఏది మిగుల్చుకుంటారన్నది కూడా ముఖ్యమే. విటమిన్ ఎ పాల కొవ్వులో ఉంటుంది, బి12 నీటి భాగంలో ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. వెన్న తీసి అమ్మి, మజ్జిగ తాగే ఇంట్లో బి12 చాలావరకు ఇంట్లోనే ఉంటుంది, విటమిన్ ఎ మాత్రం వెన్నతో పాటు గడప దాటుతుంది. పాలన్నీ ఒకటి కావన్నదీ గమనించాలి. మేకపాలలో బి12, ఫోలేట్ రెండూ ఆవుపాలకన్నా బాగా తక్కువ. మేకపాల మీదే పెరిగే పసిబిడ్డలకు రక్తహీనత రావడానికి కారణమదే.

కోళ్ల లెక్క ఇంకా బిగువైనది. బయట తిరిగి ఏరుకు తినే నాటు పెట్ట ఏడాదికి పెట్టేది నలభై, అరవై గుడ్లు. వాటిలో కొన్ని పొదగేస్తేనే మళ్లీ కోళ్లుంటాయి. పుట్టిన పిల్లల్లో గద్దలకూ తెగుళ్లకూ పోగా మిగిలేవి కొన్నే. అలాంటి ఇంట్లో గుడ్డు తినడమంటే రేపటి కోడిని ఇవాళే తినేయడం. రెండు మూడు పెట్టలున్న కుటుంబంలో మనిషికి వారానికో గుడ్డు కూడా రాకపోవడం అందుకే.

బజారు ఈ లంకెను ఎలా మారుస్తుందో 2015లో ఇథియోపియా గ్రామాలపై వచ్చిన విశ్లేషణ చూపింది. ఆవు ఉన్న ఇళ్లలో పిల్లలు పాలు ఎక్కువ తాగారు, ఎత్తూ ఎక్కువ పెరిగారు. అయితే దగ్గరలో పాలు కొనుక్కోగలిగే బజారు ఉన్నచోట ఆవు ఉండటానికీ లేకపోవడానికీ తేడా తగ్గిపోయింది. పాలు త్వరగా విరిగిపోతాయి కాబట్టి రోడ్డూ, పాలను చల్లగా ఉంచే వసతీ లేని ఊళ్లో ఆవు లేనివారికి పాలు దొరకవు. ధాన్యాన్ని ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు, పచ్చిపాలను తెచ్చుకోలేరు.

ఒకే ఇంట్లో వేర్వేరు పళ్లేలు

కుటుంబం సగటు లెక్క చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. జంతు ఆహారం ఇంట్లో తక్కువగా, ఖరీదుగా ఉన్నకొద్దీ దాని పంపకం అంత అసమానంగా జరుగుతుంది. కష్టం చేసే మగవారికి ముందు, మగపిల్లలకు తర్వాత, వండి వడ్డించినవారికి చివర అన్న వరుస ప్రపంచంలో చాలాచోట్ల నమోదైంది. అవసరం మాత్రం తలకిందులుగా ఉంటుంది. పాలిచ్చే తల్లికి రోజుకు 2.8 మైక్రోగ్రాముల బి12 కావాలి, మగవారికి కావలసిన దానికన్నా ఎక్కువ. గర్భిణులకూ పసివారికీ ఫలానాది పెట్టకూడదన్న పట్టింపులు దీనికి తోడవుతాయి. వాటిలో గుడ్లు, చేపలు, మాంసమే ఎక్కువగా ఉంటాయి.

తిన్నా ఒంటబట్టని సందర్భాలు

1998లో కెన్యాలోని ఎంబు ప్రాంతంలో 12 గ్రామీణ బడులలో రెండేళ్ల పాటు ఒక ప్రయోగం జరిగింది. మొక్కజొన్న, బీన్స్‌తో చేసే వంటకాన్ని కొందరు పిల్లలకు మాంసం కలిపి, కొందరికి పాలతో, కొందరికి నూనె కలిపి ఇచ్చారు. నాలుగో గుంపుకు అదనంగా ఏమీ పెట్టలేదు. పరీక్షించిన సూక్ష్మపోషకాల్లో స్పష్టంగా పెరిగింది బి12 ఒక్కటే, అదీ మాంసం, పాల గుంపుల్లో. విటమిన్ ఎ, ఐరన్, జింక్ రక్త పరీక్షల్లో కదలలేదు. మలేరియా, ఇతర ఇన్ఫెక్షన్లు దీనికి కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో లోలోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు రెటినాల్ రక్తంలో తగ్గి కనిపిస్తుంది, నిల్వలున్నా లేనట్టే చూపిస్తుంది. తర్కశక్తి పరీక్షలో మాత్రం మాంసం గుంపు మిగతావారికన్నా ముందుకెళ్లింది.

గుడ్ల మీద జరిగిన రెండు ప్రయోగాల కథ మరో రకం. ఈక్వడార్ కొండ ప్రాంతంలో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు ఆర్నెల్లు రోజుకో గుడ్డు ఇస్తే గిడసబారడం (వయసుకు తగ్గ ఎత్తు పెరగకపోవడం) 47 శాతం తగ్గిందని 2017లో ఫలితం వచ్చింది. సంచలనమే అయింది. అదే వయసు పిల్లలతో, అదే మోతాదుతో ఆఫ్రికాలోని మలావీలో చేస్తే ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మలావీలో ప్రయోగం జరిగింది సరస్సు ఒడ్డు ప్రాంతంలో, అక్కడి పిల్లలు ముందునుంచే చేపలు తింటున్నారు. ఖాళీ ఉన్నచోటే నింపడం కనిపిస్తుంది. పైగా గుడ్డులోని బి12 పదోవంతు కూడా ఒంటబట్టదు, పాలలోది సగానికి పైగా ఒంటబడుతుంది. గుడ్డు బలమైన ఆహారమే గాని బి12 లోపానికి మందు కాదు.

పెంపకం తెచ్చే కీడు కూడా ఇక్కడే ఉంది. ఇథియోపియాలో కోళ్లున్న ఇళ్ల పిల్లలు ఎత్తు పెరిగారు. కానీ రాత్రిళ్లు కోళ్లను మనుషులుండే గదిలోనే పడుకోబెట్టే ఇళ్లలో ఆ లాభం ఎదురుతిరిగింది. పాకే వయసు బిడ్డ చేతికి అంటిన కోడి రెట్ట నోట్లోకి వెళ్తుంది, పేగు గోడ దెబ్బతింటుంది, తిన్నది ఇంకదు. గుడ్డు ఇచ్చినదాన్ని రెట్ట లాక్కుంటుంది.

లోపాన్ని కప్పిపెట్టే ఫోలిక్ ఆమ్లం

గర్భిణులకు ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్రలు రక్తహీనతను తగ్గిస్తాయి. బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత కూడా ఫోలిక్ ఆమ్లంతో సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం లోలోపల సాగుతుంది. పుణె సమీపంలోని ఆరు గ్రామాల్లో చేసిన దీర్ఘకాల అధ్యయనంలో గర్భిణుల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి బి12 తక్కువగా ఉంది. బి12 తక్కువై, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లులకు పుట్టిన పిల్లల్లో ఆరేళ్ల వయసుకు ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం) అత్యధికంగా కనిపించింది. ఫోలిక్ ఆమ్లం ఆపాలని ఇది చెప్పదు, శిశువు వెన్ను లోపాల్ని ఆపడంలో దాని మేలు రుజువైనదే. దానితో పాటు బి12 కూడా ఇవ్వాలా అన్న చర్చకు బలమిచ్చింది.

మార్గాల మధ్య తేడా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల ప్రకారం ఆరు నుంచి 23 నెలల పిల్లలకు మాంసం, చేప, గుడ్డు వంటివి రోజూ అందాలి. దాన్ని అమలు చేసే దారులు ఒకే వేగంతో నడవవు. బంగ్లాదేశ్ చెరువుల్లో పెద్ద చేపలతో పాటు మోలా అనే వేలెడంత చేపను పెంచే పద్ధతికి, దాని వెనుకనున్న పోషకాహార శాస్త్రవేత్త శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021 ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. పెద్ద చేప బజారుకు పోతుంది, చిన్న చేప ఇంట్లో మిగులుతుంది. కోయకుండా తలతో సహా తింటారు కాబట్టి ఎంతమందికైనా పంచడం తేలిక. విటమిన్ ఎ ఎక్కువగా ఉండేది దాని కళ్లలో, లోపలి భాగాల్లో. తల తీసి శుభ్రం చేసే అలవాటున్న ఇంట్లో ఆ మేలు చెత్తబుట్టలోకి పోతుంది.

పిండిలో బి12 కలపడం చౌక. కలిపే బి12 ప్రోటీన్‌కు అంటుకుని ఉండదు కాబట్టి జీర్ణరసాలు తగ్గిన వృద్ధులకూ ఒంటబడుతుంది. అయితే ధాన్యం ఇంట్లోనే దంచుకునే, ఊరి మరలోనే ఆడించుకునే కుటుంబానికి పెద్ద మిల్లు పిండి చేరదు. లోపం ఎక్కువగా ఉన్నది ఆ ఇళ్లలోనే. విటమిన్ ఎ పెద్ద మోతాదు ద్రావణం ఆరు నెలలకోసారి ఇస్తే సరిపోతుంది, కాలేయం దాన్ని దాచుకుంటుంది.

పేద కుటుంబానికి ఆవునివ్వడం, 2006లో రువాండా మొదలుపెట్టిన గిరింక పథకం తరహాలో, పాలతో పాటు ఎరువునూ ఆస్తినీ ఇస్తుంది. దానికి మేత, నీరు, మనిషి శ్రమ కావాలి, ఆ శ్రమ ఎక్కువగా ఆడవారిదే అవుతుంది. కాలం కూడా పడుతుంది. ఇచ్చింది పెయ్య అయితే అది ఎదకు రావాలి, చూలు కట్టాలి, తొమ్మిది నెలలు మోయాలి, ఈనాక దూడకు పోను మిగిలితే పాలు. ఈ ఏడాది గర్భంతో ఉన్న స్త్రీ ఇంటికి ఆ పాలు వచ్చేసరికి ఆమె బిడ్డకు మొదటి పుట్టినరోజు దాటిపోయి ఉంటుంది, కాబట్టి ఆ గర్భానికి బి12 అందాల్సింది మాత్ర రూపంలోనో, ఇప్పటికే పాలిస్తున్న పక్కింటి ఆవు నుంచి కొన్న పాలతోనో.